మోన్ జిల్లా కాల్పుల కేసు మూతపడింది, మన దగ్గర ఎవరికైనా పట్టిందా?

విభాగం: సమాజం, చట్టం

ఏజెన్సీ_మాష్టారు · 19 సెప్టెంబర్ 2024, ఉదయం 6:40

మొన్న మంగళవారం, 17వ తేదీన, నాగాలాండ్‌లో పౌరుల్ని కాల్చి చంపిన వ్యవహారంలో 30 మంది సైనికుల మీద ఉన్న క్రిమినల్ కేసుల్ని సుప్రీంకోర్టు మూసేసింది. ఆ రోజు హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం. మర్నాటి నుంచి టీవీ పెడితే తిరుమల లడ్డూ నెయ్యి మాటే. భక్తులకు బాధ కలగడం సహజం, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ 14 మంది ప్రాణాల సంగతి తేలకుండానే కేసు మూతపడితే మా స్టాఫ్‌రూమ్‌లో ఒక్కరికీ తెలియలేదు. నేను చెప్పాక కూడా "ఎక్కడో లెండి మాష్టారూ" అని ఊరుకున్నారు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం జరిగింది చెప్తాను. 2021 డిసెంబర్ 4, శనివారం. మోన్ జిల్లాలో తిరు దగ్గర బొగ్గు గనుల్లో పనిచేసే కొన్యాక్ నాగా కూలీలు ఎనిమిది మంది సాయంత్రం పికప్ బండెక్కి ఓటింగ్ అనే తమ ఊరికి బయల్దేరారు. దారిలో 21 పారా స్పెషల్ ఫోర్సెస్ దళం, మిలిటెంట్లు వస్తున్నారన్న సమాచారంతో మాటు వేసి ఉంది. బండి మీద కాల్పులు జరిపింది. ఆరుగురు చనిపోయారు, ఇద్దరు గాయాలతో బతికారు. చీకటి పడినా వాళ్లు రాకపోయేసరికి ఊరివాళ్లు వెతుక్కుంటూ వెళ్తే సైనిక వాహనంలో టార్పాలిన్ చుట్టిన శవాలు కనిపించాయి. అక్కడ పెద్ద గొడవైంది. ఒక జవాను చనిపోయాడు. మళ్లీ జరిగిన కాల్పుల్లో ఇంకో ఏడుగురు గ్రామస్తులు పోయారు. మర్నాడు మోన్ పట్నంలో మరొకరు.

డిసెంబర్ 6న హోం మంత్రి అమిత్ షా పార్లమెంటులో విచారం చెబుతూ, ఆపమని సైగ చేస్తే బండి ఆగకుండా వేగం పెంచిందని అన్నారు. బతికి బయటపడిన కూలీ మాత్రం తమను ఎవరూ ఆపమనలేదని, నేరుగా కాల్చారని చెప్పాడు. రాష్ట్ర పోలీసుల ప్రత్యేక బృందం దర్యాప్తు చేసి, 2022లో ఒక మేజర్‌తో సహా 30 మంది మీద చార్జిషీటు వేసింది. కేంద్రం ప్రాసిక్యూషన్‌కి అనుమతి ఇవ్వనంది. ఇప్పుడు కేసే లేదు.

చట్టం సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. నేను అడిగేది వేరు. మనకు ఎందుకు పట్టదు? నేను పాతికేళ్లుగా పాడేరు వైపు పనిచేస్తున్నాను. కూంబింగ్‌కి వచ్చిన పోలీసుల మీద అత్యాచార ఆరోపణలు వచ్చిన వాకపల్లి మా పక్కనే, దాని గురించి తర్వాత రాస్తాను. అందుకే ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

జైజవాన్_నెల్లూరు · 19 సెప్టెంబర్, ఉదయం 8:05

మాష్టారూ, చనిపోయినవాళ్ల కుటుంబాల మీద నాకూ జాలి ఉంది. కానీ ఆ కొండల్లో ఎవరు మిలిటెంటో ఎవరు కూలీయో మొహాన రాసి ఉండదు కదా. అర సెకన్లో నిర్ణయం తీసుకోవాలి. తప్పు సమాచారం వచ్చింది, పొరపాటు జరిగింది. దానికి సైనికుణ్ణి హంతకుడిలా కోర్టులో నిలబెడితే రేపు ఎవడు ఆంబుష్‌కి వెళ్తాడు? ఇంటికి దూరంగా, జీతం కోసమే కాకుండా దేశం కోసం నిలబడ్డవాళ్లు వాళ్లు. సరిహద్దు రాష్ట్రాల్లో సైన్యం చేతులు కట్టేస్తే లాభపడేది ఎవరో కూడా ఆలోచించండి.

మాధవరం_ఫౌజీ · 19 సెప్టెంబర్, ఉదయం 9:30

నెల్లూరు తమ్ముడూ, మాది తాడేపల్లిగూడెం పక్కన మాధవరం. మిలిటరీ మాధవరం అంటారు. మా తాతల కాలం నుంచి ఇంటికొకరు ఫౌజులో ఉన్న ఊరు. నేనూ హవల్దారుగా రిటైరయ్యాను, ఈశాన్యంలో పనిచేశాను. కాబట్టి నా మాట కాస్త వినండి.

ఆంబుష్ అంటే ఏమిటో నాకు తెలుసు. గంటల తరబడి కదలకుండా పడుకుని ఉంటాం. జలగలు పట్టినా చెయ్యి తీయకూడదు. బండి చప్పుడు వినపడగానే గుండె దడదడలాడుతుంది. ఆ టెన్షన్ నిజం. అందుకే ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ముందు ఏం చేయాలో మాకు నూరిపోస్తారు. ఎదుటివాడు ఎవరో నిర్ధారించుకోవాలి, హెచ్చరించాలి, తప్పనిసరైతేనే కాల్చాలి. చేయాల్సినవీ చేయకూడనివీ అచ్చువేసిన కార్డు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లం. అది అలంకారానికి ఇచ్చింది కాదు.

అర సెకను మాట మొదటి కాల్పులకు సరిపోతుందేమో. శవాలను టార్పాలిన్‌లో చుట్టడం అర సెకన్లో జరిగేది కాదు తమ్ముడూ. చనిపోయింది ఎవరైనా సరే, దగ్గర్లోని పోలీసులకు కబురు పెట్టి అప్పగించాలి. అది జరగకముందే ఊరివాళ్లు వచ్చి తమ పిల్లల్ని ఆ స్థితిలో చూశారు. ఆ తర్వాత జరిగిందానికి అక్కడే బీజం పడింది. పోయిన జవాను తల్లి కూడా తల్లే. ఆమె కొడుకు ఎందుకు పోయాడో తేలాలన్నా విచారణ జరగాల్సిందే.

ఇంకో మాట. సైన్యం తనవాళ్లను శిక్షించలేదని కాదు. కాశ్మీర్‌లో మాచిల్ ఎన్‌కౌంటర్ బూటకమని 2014లో కోర్ట్ మార్షలే యావజ్జీవం వేసింది.

జిల్లాకోర్టు_వకీలు · 19 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:15

ఫౌజీ గారూ, మీరన్నది నిజం. అయితే మాచిల్ శిక్షల్ని 2017లో సాయుధ దళాల ట్రైబ్యునల్ నిలిపేసి బెయిల్ ఇచ్చింది. 2020 అంషీపొరా కేసులోనూ అంతే. రాజౌరీ నుంచి వచ్చిన ముగ్గురు కూలీల్ని చంపినందుకు కెప్టెన్‌కి 2023 మార్చిలో యావజ్జీవం పడింది, నవంబర్‌కల్లా అదే ట్రైబ్యునల్ ఆపేసింది.

మాష్టారు వదిలేసిన చట్టం సంగతి చెప్తాను. సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం, అఫ్‌స్పా, 1958లో నాగా కొండల కోసం తెచ్చింది. దాని మూలం 1942లో క్విట్ ఇండియా ఉద్యమాన్ని అణచడానికి వైస్రాయ్ లిన్‌లిత్‌గో తెచ్చిన ఆర్డినెన్సు. నాలుగో సెక్షన్ ప్రకారం కల్లోలిత ప్రాంతంలో హవల్దారు స్థాయి మనిషి కూడా, హెచ్చరిక ఇచ్చాక, ప్రాణం పోయేలా కాల్పులు జరపొచ్చు. ఆరో సెక్షన్ ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా వాళ్ల మీద కేసు నడపకూడదు.

ఈ ఆరో సెక్షనే అసలు తలుపు. జమ్మూకాశ్మీర్ విషయంలో 2018 జనవరి 1న రక్షణ శాఖ సహాయమంత్రి రాజ్యసభకు ఇచ్చిన లిఖితపూర్వక జవాబు చూడండి. 2001 నుంచి అనుమతి కోరిన కేసులు 50. నిరాకరించినవి 47. మిగతా మూడు పెండింగ్. అంటే ఒక్కదానికీ ఇవ్వలేదు.

మొన్నటి తీర్పు అధికారుల భార్యలు వేసిన పిటిషన్ల మీద వచ్చింది. 2022 జులైలో వాళ్లకు స్టే దొరికింది. 2023లో అనుమతి నిరాకరించారు కాబట్టి ఇప్పుడు కేసు మూసేశారు. ఇక్కడ ఒకటి గమనించండి. సైనికులు నిర్దోషులని కోర్టు అనలేదు. అసలు ఏం జరిగిందన్న దాంట్లోకే వెళ్లలేదు. ఎప్పుడైనా అనుమతి వస్తే కేసు మళ్లీ నడపొచ్చని, సైన్యం తనంతట తాను క్రమశిక్షణ చర్య తీసుకోవడానికి అడ్డేమీ లేదని చెప్పింది. అనుమతి నిరాకరణను సవాలు చేస్తూ నాగాలాండ్ ప్రభుత్వం వేసిన పిటిషన్ వేరే ఉంది.

దిమాపూర్_లెక్కలసారు · 19 సెప్టెంబర్, రాత్రి 9:50

నేను గోదావరి జిల్లావాణ్ణి, చాలా ఏళ్లుగా నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఆ డిసెంబర్ నాకు బాగా గుర్తుంది. ఒకటో తేదీ నుంచి పదో తేదీ దాకా కొహిమా దగ్గర కిసామాలో హార్న్‌బిల్ పండుగ. అదే ఇక్కడి పెద్ద జాతర. ఒక్కో తెగకూ ఒక్కో ఇల్లు కట్టి ఉంటుంది, పాటలు, బియ్యపు కల్లు, పొగబెట్టిన మాంసం, ఊరంతా అక్కడే. ఐదో తేదీన ఆ ఇళ్ల మీద నల్ల జెండాలు ఎగిరాయి. ఒక్కో తెగా తప్పుకుంది. చివరికి పండుగే ఆపేశారు. ఆదివారం మా వీధి చర్చిలో పాట లేదు. మామూలుగా ఇక్కడ ఆదివారం అంటే వీధి చివరి దాకా వినపడుతుంది.

బయటివాళ్లకు అర్థంకానిది ఒకటి చెప్తాను. ఆ కూలీలు శనివారం రాత్రే ఎందుకు బయల్దేరారు? ఆదివారం పొద్దున చర్చిలో ఉండాలని. గనుల దగ్గర పనిచేసే ప్రతివాడూ అలాగే వెళ్తాడు. ఆ దారిలో శనివారం సాయంత్రం కూలీల బండి రావడం వింత కాదు, రాకపోతేనే వింత. ఆ చుట్టుపక్కల ఎవర్ని అడిగినా చెప్పేవాళ్లు. పైగా ఆ జిల్లాలోనే అస్సాం రైఫిల్స్ ఉంది, రాష్ట్ర పోలీసులున్నారు.

ఓటింగ్ గ్రామ కౌన్సిల్‌కి అంత్యక్రియల సమయంలో 18 లక్షల 30 వేల రూపాయలు ఇచ్చారు. అది సాయంగా ఇచ్చిందనుకుని తీసుకున్నారు. తర్వాత ప్రభుత్వ పరిహారంలో మొదటి వాయిదా అని తెలిసి, దోషులు చట్టం ముందు నిలబడేదాకా, అఫ్‌స్పా ఎత్తేసేదాకా ఆ డబ్బు ముట్టుకోమని చెప్పేశారు. వాళ్లు గని కూలీలు. అంత డబ్బు వద్దనడం ఎంత కష్టమో ఇక్కడి ఇళ్లలోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

డిసెంబర్ 20న నాగాలాండ్ శాసనసభ ఏకగ్రీవంగా అఫ్‌స్పా రద్దు చేయమని తీర్మానించింది. అధికార పక్షంలో బీజేపీ కూడా ఉంది. ఏకగ్రీవం అంటే వాళ్లూ కలిసే. ఒక రాష్ట్రం మొత్తం ఒక్క గొంతుతో అడిగితే మిగతా దేశానికి వినపడలేదు.

డెస్క్_రాత్రిడ్యూటీ · 19 సెప్టెంబర్, రాత్రి 11:40

మాష్టారు "ఎందుకు పట్టదు" అని అడిగారు. ఒక తెలుగు దినపత్రికలో రాత్రి డెస్క్‌లో పనిచేస్తాను కాబట్టి ఒక భాగం నేను చెప్పగలను.

2021 డిసెంబర్ 4 పొద్దున రోశయ్య గారు కన్నుమూశారు. ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రి, తమిళనాడుకు గవర్నర్‌గా చేసిన మనిషి. ఆ రోజు రెండు రాష్ట్రాల్లోనూ మొదటి పేజీ, లోపలి పేజీలు ఆయనవే. నాగాలాండ్ వార్త పూర్తిగా తెలిసేసరికి ఐదో తేదీ. ఆరు, ఏడు తేదీల్లో పార్లమెంటు వార్తగా కాస్త వచ్చింది. ఎనిమిదో తేదీ మధ్యాహ్నం కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి త్రివిధ దళాధిపతి జనరల్ రావత్ దంపతులూ ఇతరులూ చనిపోయారు. అందులో చిత్తూరు జిల్లా జవాను ఒకరున్నారు. ఆ కుర్రాడి ఊరు, భార్యాపిల్లలు, భౌతికకాయం రావడం, అంత్యక్రియలు, అన్నీ రాశాం. రాయాల్సిందే, మన బిడ్డ. కానీ ఆ రోజుతో ఓటింగ్ మా పేజీల్లోంచి పూర్తిగా పోయింది. సైన్యం మీద దేశమంతా దుఃఖంలో ఉన్నప్పుడు అదే సైన్యాన్ని ప్రశ్నించే వార్త పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పై నుంచి ఎవరూ వద్దనలేదు. మాకు మేమే పక్కన పెట్టేశాం.

రెండోది, తెలుగు పత్రికలకు కోల్‌కతా దాటాక సొంత విలేకరి ఉండడు. ఏజెన్సీ కాపీ ఇంగ్లీషులో వస్తుంది, రాత్రి పదకొండున్నరకు దాన్ని కుదించి తెలుగు చేస్తాం. సొంత మనిషి లేనిచోట ఫాలోఅప్ ఉండదు. అనుమతి నిరాకరించిన రోజు ఒక చిన్న సింగిల్ కాలమ్ వచ్చి ఉంటుంది, అంతే. పాఠకుడికి మొదలూ తెలియదు, చివరా తెలియదు. మధ్యలో ఒక ముక్క తెలిస్తే పట్టించుకోమని ఎలా అడుగుతాం?

మానేరు_గట్టు · 20 సెప్టెంబర్, ఉదయం 7:20

మనకు ఈ చట్టంతో సంబంధం లేదనుకునేవాళ్లకు ఒక సంగతి. దీన్ని రద్దు చేయమని కేంద్రానికి చెప్పిన కమిటీకి అధ్యక్షుడు మనవాడే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు.

2004 జులైలో మణిపూర్‌లో అస్సాం రైఫిల్స్ వాళ్లు ఒక యువతిని రాత్రిపూట ఇంట్లోంచి తీసుకుపోయారు. మర్నాడు తూటాలు దిగిన శవం దొరికింది. జులై 15న ఇంఫాల్ కాంగ్లా కోట గేటు ముందు పన్నెండు మంది తల్లులు బట్టలు విప్పి నిలబడి, మమ్మల్నీ చెరచండని అరిచారు. ఆ కదలికకే కేంద్రం దిగొచ్చి అదే ఏడు నవంబర్‌లో కమిటీ వేసింది. 2005 జూన్ 6న నివేదిక ఇచ్చారు. ఆ చట్టం అణచివేతకు గుర్తుగా, జనం ద్వేషించేదిగా, వివక్షకు పనిముట్టుగా తయారైందని అందులో రాశారు. కమిటీలో లెఫ్టినెంట్ జనరల్ హోదాలో పనిచేసిన వి.ఆర్. రాఘవన్ కూడా ఉన్నారు. ఇది సైన్యం సంగతి తెలియనివాళ్లు రాసింది కాదు.

సైన్యాన్ని ఈశాన్యం నుంచి వెళ్లగొట్టమనీ అనలేదు. అవసరమైన అధికారాలను చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, యూఏపీఏలో చేర్చమన్నారు. జిల్లాకో ఫిర్యాదుల విభాగం పెట్టి, ఎవరినైనా తీసుకుపోతే ఆ మనిషి ఎక్కడున్నాడో 24 గంటల్లో ఇంటివాళ్లకు చెప్పే ఏర్పాటు ఉండాలన్నారు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. కొడుకు ఎక్కడున్నాడని తల్లి అడిగితే జవాబు చెప్పడానికి కూడా ఒక కమిటీ సిఫారసు కావాల్సి వచ్చింది, అదీ అమలు కాలేదు. నివేదికను ప్రభుత్వం అధికారికంగా బయటపెట్టనే లేదు. పత్రిక ద్వారా బయటికొచ్చింది. మన రాష్ట్రంలో జీవన్‌రెడ్డి గారి పేరు ఎందరికి తెలుసు, ఈ నివేదిక ఎందరికి తెలుసు?

జైజవాన్_నెల్లూరు · 20 సెప్టెంబర్, ఉదయం 10:10

ఫౌజీ గారి మాటకు గౌరవం ఇస్తాను. టార్పాలిన్ విషయం నాకు తెలియదు. అయినా ఒకటి అడుగుతాను. అఫ్‌స్పా ఎత్తేయమని మణిపూర్‌లో ఇరోం షర్మిల పదహారేళ్లు నిరాహారదీక్ష చేసింది. 2016లో విరమించి, 2017లో ముఖ్యమంత్రి మీద పోటీచేస్తే 90 ఓట్లు వచ్చాయి. అక్కడి జనానికే ఆ చట్టం అంత పెద్ద సమస్య కాదేమో?

రెండోది, మన ఏజెన్సీలో మావోయిస్టులు ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి ఎంతమంది గిరిజనుల్ని చంపారు? వాళ్ల గురించి ఎవరూ థ్రెడ్ పెట్టరే?

దిమాపూర్_లెక్కలసారు · 20 సెప్టెంబర్, ఉదయం 11:00

షర్మిల ఓట్ల సంగతి నాకూ కష్టంగానే ఉంటుంది. ఓటు వేసేటప్పుడు మనిషి రోడ్డు, పింఛను, తన సామాజికవర్గం చూసుకుంటాడు. మణిపూర్ జనమే దీక్ష కాలమంతా ఆమె వెంట నిలబడ్డారు, దీక్ష ఆపినప్పుడు కొందరు కోపం తెచ్చుకున్నారు కూడా. అందులో అలసట ఉంది, ఆమె మీద అలక ఉంది, ఎన్నికల డబ్బు ఉంది. చట్టం మీద ప్రేమ మాత్రం లేదు.

కోయతూర్_దుమ్ముగూడెం · 20 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:30

నెల్లూరు అన్నా, నేను కోయ పిల్లని. నీ రెండో ప్రశ్నకు జవాబు నేను చెప్తాను.

అవును, అన్నలు మావాళ్లను చంపారు. ఇన్‌ఫార్మర్ అని రాత్రి తీసుకెళ్లి, పొద్దున రోడ్డు మీద శవం, పక్కన చీటీ. మాకు ఆ భయం చెప్పక్కర్లేదు. 2018 సెప్టెంబర్‌లో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారినీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారినీ చంపితే ఇద్దరూ గిరిజన నాయకులే. ఆ కేసును జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తీసుకుంది, అరెస్టులు చేసింది. అలాగే చేయాలి. అనుమతి దొరక్క ఆ కేసు ఆగిపోలేదు. తేడా అక్కడుంది అన్నా. అన్నలు చంపితే నేరం అని ప్రభుత్వం మాతోపాటు అంటుంది. యూనిఫాం వేసుకున్నవాడు చేస్తే ముందు మమ్మల్నే అనుమానిస్తుంది. ఎవరు చెప్పిస్తే చెప్పావు, ఎవరు డబ్బులిచ్చారు, ఇన్నాళ్లు ఎందుకు ఆగావు.

మా చిన్నప్పుడు కూంబింగ్ అన్న మాట వినపడితే మా అమ్మ మమ్మల్ని పోడు నుంచి త్వరగా తోలుకొచ్చేసేది. అడవిలో ఒంటరిగా ఎవరు కనపడినా ఏ పక్షం వాళ్లకైనా అనుమానమే. ఇప్పపువ్వు ఏరుకునే కాలంలో తెల్లారకముందే చెట్టు కింద ఉండాలి. ఆ చీకట్లో మనిషి కదిలితే బూట్లవాళ్లకు ఏం కనపడుతుందో తెలియదు. ఆ ఓటింగ్ కూలీల గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. పని చేసుకుని ఇంటికి వెళ్లడమే వాళ్లు చేసింది.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు సభ పెట్టుకుంటే పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది. హక్కుల సంఘాలు 60 మంది అన్నాయి. ఆ స్తూపం దగ్గరికి వెళ్లి దండం పెట్టుకోవడానికి కూడా ఏళ్లతరబడి ఆంక్షలే.

ఏజెన్సీ_మాష్టారు · 20 సెప్టెంబర్, సాయంత్రం 6:15

అమ్మా, చాలా స్పష్టంగా చెప్పావు. వాకపల్లి గురించి నేను రాస్తానన్నాను కదా, ఇప్పుడు రాస్తాను.

2007 ఆగస్టు 20 తెల్లవారుజామున గ్రేహౌండ్స్ బలగాలు కూంబింగ్‌కి వచ్చాయి. జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలోని చిన్న పల్లె అది. కొందు ఆదిమ తెగవాళ్లు. పదకొండు మంది మహిళలు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. గ్రేహౌండ్స్ సైన్యం కాదు, రాష్ట్ర పోలీసు దళమే. అయినా కొండ మీద గుడిసెలో ఉన్న మనిషికి తుపాకీతో వచ్చినవాడి పేరు ఏదైతే ఏముంది?

అప్పట్లో పాడేరు బస్సుల్లో, సంతలో, మా టీచర్ల మధ్య వినపడిన మాట ఒక్కటే, "అన్నలు చెప్పించి ఉంటారు". పోలీసులూ అదే అన్నారు. ఆ ఆడవాళ్లకు తెలుగు సరిగా రాదు. పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు తమ పరువు బజారున పెట్టుకుని పదహారేళ్లు ఒకే మాట మీద నిలబడటం ఎవరో చెప్పిస్తే జరుగుతుందా? మానవ హక్కుల వేదిక, బాలగోపాల్ గారు, కొందరు న్యాయవాదులు వెంట ఉండబట్టి కేసు బతికింది. నిందితులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2017లో సుప్రీంకోర్టు విచారణ జరగాల్సిందేనంది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదంది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. అప్పటికే పదకొండు మందిలో ఇద్దరు లేరు.

నా మనసులో ఉన్నది ఇదీ. ఘోరం జరిగాక మనం పట్టించుకోకపోవడం కేవలం మన మనసుల్లో ఉండే లోపం కాదు. అది కేసు మీద పనిచేస్తుంది. మొదటి రోజుల్లో నిందితుల గుర్తింపు పరేడ్ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని విశాఖలోనో హైదరాబాద్‌లోనో నలుగురు గట్టిగా అడిగి ఉంటే పెట్టేవాళ్లు. అడగలేదు. పదహారేళ్ల తర్వాత "ఎవరు చేశారో రుజువు కాలేదు" అన్నారు. ఓటింగ్‌లోనూ అంతే. అనుమతి ఫైలు ఢిల్లీలో ఏడాది దాకా ఉంది. ఇవ్వనన్నప్పుడు కారణం అడిగిన గొంతులు నాగాలాండ్ దాటి ఎన్ని? ఎవరూ అడగరన్న ధైర్యం ఉన్నచోట సంతకం తేలిగ్గా పడుతుంది.

నిర్వాహకులు · 20 సెప్టెంబర్, రాత్రి 8:00

బాధిత మహిళల గురించి అసభ్యంగా రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. ఆ సభ్యుల ఖాతాలు నిలిపేశాం. వాదన ఎంత గట్టిగా అయినా చేసుకోండి, బాధితుల పేర్లు, ఊరి వివరాలు, ఫొటోలు మాత్రం పెట్టొద్దు.

డల్లాస్_గుంటూరోడు · 20 సెప్టెంబర్, రాత్రి 10:25

ఇక్కడ అమెరికాలో ఉన్న మా తెలుగువాళ్లం నల్లజాతి మనిషిని పోలీసు చంపితే స్టేటస్‌లు మార్చాం, ర్యాలీలకూ వెళ్లాం. నేనూ వెళ్లాను, వెళ్లడం మంచిదే. కానీ అదే వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ వార్త పెడితే "ఇండియా పరువు తీయకు" అని నలుగురు విరుచుకుపడ్డారు. దూరం కిలోమీటర్లలో లేదని అప్పుడే అర్థమైంది. ఇక్కడి పోలీసును తిడితే మనకు పోయేదేం లేదు. మన సైన్యాన్ని ప్రశ్నిస్తే మన ఇంట్లోనే, మన స్నేహితుల్లోనే గొడవ. ఆ గొడవకు భయపడి నోరు మూసుకునేవాళ్లే ఎక్కువ, నిజంగా పట్టనివాళ్లు తక్కువ అని నా అనుభవం.

కోయతూర్_దుమ్ముగూడెం · 20 సెప్టెంబర్, రాత్రి 10:50

గుంటూరు అన్నా, భయపడి ఊరుకున్నా, పట్టక ఊరుకున్నా మా దాకా వచ్చేసరికి రెండూ ఒకటే.

మాధవరం_ఫౌజీ · 21 సెప్టెంబర్, ఉదయం 7:45

వకీలు గారూ, ఒక సందేహం. పౌర కోర్టుకు కేంద్రం అనుమతి కావాలి, సరే. సైన్యం తానే కోర్ట్ మార్షల్ పెట్టుకోవడానికి ఆ అనుమతి అక్కర్లేదు కదా? మాచిల్‌లో అలాగే చేశారు. సుప్రీంకోర్టు కూడా ఆ దారి తెరిచే ఉంచిందన్నారు. సైన్యం పరువు నిలబెట్టుకోవడానికి అదే మంచి దారి అని మాలాంటి మాజీలకు చెప్పుకోవడం తేలిక. మా సంఘంలో వినేవాళ్లున్నారు.

జిల్లాకోర్టు_వకీలు · 21 సెప్టెంబర్, ఉదయం 9:10

అక్కర్లేదండీ. కానీ దానికి గడువుంది. సైనిక చట్టం 122వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన మూడేళ్లలోపు కోర్ట్ మార్షల్ మొదలుపెట్టాలి. సైన్యం నుంచి పారిపోవడం, తిరుగుబాటులాంటి కొన్నిటికే మినహాయింపు. మూడేళ్లు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలన్నది వాదనకు వస్తుంది. నేరం ఎవరు చేశారో తెలిసిన రోజు నుంచి అని కూడా వాదించొచ్చు. ఏ ఇబ్బందీ లేకుండా లెక్కవేసుకుంటే మాత్రం ఈ డిసెంబర్ 4తో అయిపోతుంది. రెండున్నర నెలలు కూడా లేవు.

ఏజెన్సీ_మాష్టారు · 21 సెప్టెంబర్, ఉదయం 9:40

అయితే ఆలస్యం చేయొద్దు. రెండు రాష్ట్రాలకూ కలిపి లోక్‌సభలో 42 మంది ఎంపీలున్నారు. ఎవరి ఎంపీకి వాళ్లం ఉత్తరం రాద్దాం. ఓటింగ్ కాల్పుల మీద సైన్యం తానే చేయించిన విచారణలో ఏం తేలిందో సభలో అడగమందాం. గడువులోగా కోర్ట్ మార్షల్ పెడతారా, లేదా? ప్రాసిక్యూషన్‌కి అనుమతి ఎందుకు ఇవ్వలేదో రాతపూర్వకంగా చెబుతారా? ఈ మూడూ చాలు. ఫౌజీ గారు మాజీ సైనికుల తరఫున వేరే రాస్తే ఇంకా బరువుంటుంది. వకీలు గారు ముసాయిదా చూసిపెట్టండి. మానేరు గారూ, జీవన్‌రెడ్డి నివేదికలో ఫిర్యాదుల విభాగం భాగం తెలుగు చేసి ఇక్కడ పెడతారా?

మానేరు_గట్టు · 21 సెప్టెంబర్, ఉదయం 10:05

పెడతా మాష్టారూ. ఆదివారం కల్లా మొదటి భాగం.

జైజవాన్_నెల్లూరు · 21 సెప్టెంబర్, ఉదయం 11:30

అనుమతి ఇవ్వాలన్న దాని మీద నా అభిప్రాయం మారలేదు. కానీ సైన్యమే తేల్చాలి, కారణం చెప్పాలి అంటే నాకు అభ్యంతరం లేదు. ఉత్తరంలో చనిపోయిన జవాను మాట కూడా ఉంటే నేనూ సంతకం పెడతాను.

కోయతూర్_దుమ్ముగూడెం · 21 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:15

ఉంటుంది అన్నా. ఉత్తరం రాశాక నాకు పంపండి, మా ఊళ్లో చదివి వినిపించి సంతకాలు తీసుకుంటాను. చదువురానివాళ్లవి వేలిముద్రలు వేయిస్తాను, అవి చెల్లుతాయా వకీలు గారూ?

జిల్లాకోర్టు_వకీలు · 21 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:40

చెల్లుతాయమ్మా. ప్రతి వేలిముద్ర పక్కన పేరు రాసి, చదివి వినిపించినట్టు మీరు సాక్షిగా సంతకం పెట్టండి.